నీలం వైరును లైటు వైరుగా చూడకండి

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మేము డల్లాస్‌కు పడమటి వైపు ఇరవై ఎకరాలు కొన్నాం. ఎనిమిది బ్రాహ్మన్ పెయ్యలను పెంచుతున్నాం. వాటిని తరలించడానికి 20 అడుగుల పాత పశువుల ట్రెయిలర్ తీసుకున్నాను. గూస్‌నెక్ రకం, అంటే ముందున్న వంపు మెడ పికప్ తొట్టిలోని ఇనుప బాల్ మీద కూర్చునేది, రెండు ఇరుసులది. నా పికప్ ముప్పావు టన్ను తరగతిది. తొట్టి మధ్యలో బాల్‌ను పాత యజమానే బిగించి ఉంచాడు. కాని ఏడు పిన్నుల సాకెట్ వెనక బంపర్ దగ్గర మాత్రమే ఉంది. అందుకని ట్రెయిలర్ కేబుల్‌ను వెనక తలుపు మీదుగా వేసి అందులో పెడుతున్నాను. రాత్రిపూట ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రెయిలర్ లైట్లన్నీ కలిసి మినుకుమంటున్నాయి. అప్పుడప్పుడు ట్రెయిలర్ ఊడిపోయిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తోంది. బంపర్ కింద వైర్లు కోసి, క్లిప్పులతో కలిపి తొట్టిలోకి ఇంకో సాకెట్ లాక్కోవచ్చని ఒక మిత్రుడు చెప్పాడు. ఆ పని నేనే చేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: చేసుకోవచ్చు. ఓపికగా చేస్తే ఒక శనివారం పని. కాని మీ మిత్రుడు చెప్పిన పద్ధతి మాత్రం వద్దు. ఇంకో మాట ముందే చెప్పాలి: ఆ లైట్లు మినుకుమనడం ఆగేదాకా, ఆ హెచ్చరిక రావడం ఆగేదాకా పెయ్యలను ట్రెయిలర్ ఎక్కించకండి. మీరు లైట్ల గురించి రాశారు. నాకు మీ ఉత్తరంలో కనిపించింది బ్రేకుల జబ్బు.

నేను వైరింగు పని విజయవాడ ఆటోనగర్‌లో, లారీల కింద పడుకుని నేర్చుకున్నాను. అక్కడ వైరు తెగితే లైటు పోతుంది, హారన్ పోతుంది, అంతే. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి, వైరుతో వాటికి పని లేదు. ఇక మన పల్లెల్లో ట్రాక్టర్ వెనక ట్రక్కులకు బ్రేకులుండడమే అరుదు. అందుకే మనవాళ్లు ఇక్కడికి వచ్చి ట్రెయిలర్ కొన్నప్పుడు ఆ ఏడు పిన్నుల ప్లగ్గును లైట్ల ప్లగ్గు అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అందులో ఒక పిన్ను, సాధారణంగా నీలం వైరుది, మీ ట్రెయిలర్ నాలుగు చక్రాల బ్రేకులనూ నడుపుతుంది.

ఒకసారి చక్రం బ్రేకు డ్రమ్ము విప్పి చూస్తే ఈ సంగతి మనసులో నాటుకుపోతుంది. లోపల బ్రేకు లైనింగులతో పాటు అరచేతిలో ఇమిడే ఒక అయస్కాంతం ఒక కడ్డీ చివర వేలాడుతూ ఉంటుంది. మీరు పెడల్ నొక్కగానే పికప్‌లోని బ్రేక్ కంట్రోలర్ నీలం వైరు ద్వారా కరెంటు పంపుతుంది. అయస్కాంతం తిరుగుతున్న డ్రమ్ము లోపలి ముఖానికి అతుక్కుని, దాంతోపాటు కదలబోయి, ఆ కడ్డీని లాగుతుంది. కడ్డీ లైనింగులను డ్రమ్ముకు ఒత్తుతుంది. కరెంటు ఎంత బలంగా వస్తే బ్రేకు అంత గట్టిగా పడుతుంది. కరెంటు రాకపోతే బ్రేకు లేదు. మధ్యలో ఆయిలూ లేదు, గాలీ లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఈ బరువు ట్రెయిలర్లకు సాధారణంగా 12 అంగుళాల డ్రమ్ములుంటాయి. ఒక్కో అయస్కాంతం నిరోధం సుమారు 3.2 ఓములు. నాలుగూ సమాంతరంగా కలిసి ఉంటాయి కాబట్టి మొత్తం 0.8 ఓము. గట్టిగా బ్రేకు వేసినప్పుడు అవి 12 ఆంపియర్లకు పైగానే తీసుకుంటాయి. పికప్ దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా 40 అడుగుల దూరం అనుకుందాం. గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. పాత యజమాని చవకగా 16 గేజి వైరు లాగి, ఎర్త్ కూడా అదే గేజిలో వేసి ఉంటే, పంపిన 12 వోల్టుల్లో 3 వోల్టులకు పైగా దారిలోనే కరిగిపోతుంది. 10 గేజి వేస్తే పోయేది ఇంచుమించు ఒక్క వోల్టు. లైట్లు రెండింటిలోనూ వెలుగుతాయి. ఆగే దూరం మాత్రం రెండింటిలో ఒకటి కాదు. ఎనిమిది పెయ్యలు, ఒక్కొక్కటి 800 పౌండ్లు అనుకున్నా, 6,400 పౌండ్లు. ట్రెయిలర్ ఇనుము బరువు దానికి అదనం. మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటే ట్రెయిలర్‌కు బ్రేకులుండాలని టెక్సస్ చట్టం ఊరికే చెప్పలేదు.

కాబట్టి నీలం వైరు, ఎర్త్ అయిన తెల్ల వైరు, బ్యాటరీ నుంచి వచ్చే నల్ల వైరు, ఈ మూడూ 10 గేజిలో ఉండాలి. లైట్ల వైర్లకు 14 గేజి చాలు.

మీ లైట్లు ఎందుకు మినుకుమంటున్నాయో ఇక చెబుతాను. నూటికి తొంభై సందర్భాల్లో అది ఎర్త్ లోపమే. కరెంటు ఇండికేటర్ బల్బులోంచి వెళ్లాక తిరిగి పికప్‌కు రావడానికి తెల్ల వైరు దారి. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, పక్క బల్బుల్లోంచి వెనక్కి దూరి బయటపడే దారి వెతుక్కుంటుంది. అందుకే ఒక లైటు వేస్తే అన్నీ మసకగా మెరుస్తాయి. ఇంకో దారి కూడా దానికి దొరుకుతుంది: గూస్‌నెక్ మెడలోంచి బాల్ మీదుగా పికప్ ఛాసిస్‌కు. కాని బాల్‌కు గ్రీజు పూసి ఉంటుంది, మీద తుప్పు ఉంటుంది, గతుకులో బాల్‌ను పట్టుకునే కప్లర్ ఒక వెంట్రుకవాసి లేస్తుంది. ఆ క్షణంలో ఎర్త్ పోతుంది. లైట్లతోపాటు బ్రేకు అయస్కాంతాలకూ తిరుగు దారి పోతుంది. మీ డ్యాష్‌బోర్డు మీద వచ్చే హెచ్చరికకు అర్థం అదే. కంట్రోలర్ నీలం వైరులోకి చూసి, అవతల అయస్కాంతాలు కనిపించక, ట్రెయిలర్ లేదనుకుంటోంది.

దీన్ని పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రెండు చివరలా మొసలి క్లిప్పులున్న లావాటి వైరు ఒకటి తీసుకోండి. ఒక చివర ట్రెయిలర్ ఇనుము మీద రంగు గీకిన చోట, రెండోది పికప్ ఛాసిస్‌కు. ఇప్పుడు ఇండికేటర్ వేయండి. లైట్లు కుదురుకుంటే లోపం ఎర్త్‌దే. ట్రెయిలర్ ప్లగ్గును విప్పి తెల్ల వైరు స్క్రూ చూడండి. నేను విప్పిన పాత ప్లగ్గుల్లో అక్కడ పచ్చటి పొడి కనిపించనిది తక్కువ. రాగి తుప్పు అది. పచ్చబడిన మేర కోసేసి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లి, కొత్తగా బిగించండి. ట్రెయిలర్ ముందుభాగంలో వైర్లన్నీ కలిసే డబ్బా ఉంటే దాని మూత కూడా తీసి చూడండి. మన టెక్సస్‌లో ఎర్ర చీమలు ఆ డబ్బాల్లో చేరడం మామూలే. తర్వాత ఆ తెల్ల వైరు నుంచి ట్రెయిలర్ ఇనుముకు, రంగు గీకి, పళ్లున్న వాషరుతో బోల్టు బిగించి, పైన గ్రీజు రాయండి. అప్పుడు బాల్‌ను బరువు మోయడానికి మాత్రమే వదిలేయొచ్చు.

లైట్ల గురించి ఒక చిన్న సంగతి, మన దేశం వాళ్లు తికమకపడేది. ఇక్కడి ఏడు పిన్నుల పద్ధతిలో ఎర్ర దీపమే బ్రేకు లైటు, అదే ఇండికేటర్. ఎడమవైపుకు పసుపు వైరు, కుడికి ఆకుపచ్చ. బ్రేకు నొక్కి ఉండగా ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ దీపం కొట్టుకుంటుంది, కుడిది నిలకడగా వెలుగుతుంది. అది లోపం కాదు. గోధుమరంగు వైరు పార్కింగు లైట్లకు, మధ్య పిన్ను రివర్సు లైటుకు. అయితే ఈ రంగులను నమ్మి పని చేయకండి. పాత ట్రెయిలర్‌ను ఎన్ని చేతులు తాకాయో ఎవరికి తెలుసు? టెస్ట్ లాంపు పెట్టి ఒక్కొక్క పిన్నును చూసుకుని రాసుకోండి.

వెనక తలుపు మీదుగా కేబుల్ వేయడం సంగతికి వస్తున్నాను. ఇది నా మీదికే వచ్చిన పాఠం. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక గూస్‌నెక్ ట్రెయిలర్ మీద ఎండుగడ్డి చుట్టలు వేసుకుని వస్తున్నాను. కేబుల్ మీలాగే తలుపు మీదుగా బంపర్‌కు వెళ్తోంది. వెనక తలుపు మూసినప్పుడల్లా అది అంచున కొంచెం నలుగుతోంది. పైతొడుగు చెక్కుచెదరలేదు కదా అని పట్టించుకోలేదు. ముప్పై మైళ్లు వచ్చాక పికప్ బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. ఎదురుగాలి అనుకున్నాను. తర్వాత కాలిన వాసన. దిగి చూస్తే నాలుగు డ్రమ్ముల నుంచీ పొగ, వెనకాల ఎండుగడ్డి. ప్లగ్గు పీకేశాక గాని చక్రాలు వదల్లేదు. ఇంటికి వచ్చి ఆ నలిగిన చోట కత్తితో చీరి చూశాను. పైకి అంగుళం మేర చిన్న మడత, లోపల నల్ల వైరు రాగి, నీలం వైరు రాగి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. బ్యాటరీ కరెంటు నేరుగా బ్రేకులకు వెళ్లిపోయింది. ఫ్యూజు ఎందుకు పోలేదంటారా? ఆ ఫ్యూజు 30 ఆంపియర్లది, అయస్కాంతాలు తాగేది అందులో సగం. దాని దృష్టిలో తప్పేమీ జరగలేదు.

బంపర్ సాకెట్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గూస్‌నెక్ ముందుబరువంతా తొట్టి మధ్యలో, వెనక ఇరుసు మీద లేదా దానికి కాస్త ముందు పడుతుంది. ఎద్దుల బండి కట్టినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు, ముందుబరువు సరిగా పడితేనే బండి తిన్నగా నడుస్తుంది. బాల్ అంత ముందుకు ఉండడం వల్ల ట్రెయిలర్ దాదాపు లంబకోణంలో తిరగగలదు. అలా తిరిగినప్పుడు బాల్ దగ్గరే ఉన్న సాకెట్‌కు కేబుల్ పెద్దగా లాగబడదు. బంపర్ దగ్గరి సాకెట్‌కైతే చాలా లాగబడుతుంది. మలుపులో ఊడుతుంది, లేదా వదులుగా వేలాడి రోడ్డు మీద ఒరుసుకుంటుంది. అందుకే సాకెట్ తొట్టి లోపలే ఉండాలి.

దాన్ని పెట్టే మంచి దారి ఇదీ. ఈ తరగతి పికప్‌లలో చాలావాటికి బంపర్ సాకెట్ వెనక కంపెనీ వాళ్ల కనెక్టర్ ఒకటి ఉంటుంది. బంపర్ కింద పడుకుని సాకెట్ వెనక తడమండి. చదునైన పెద్ద ప్లగ్గు తగులుతుంది. లాక్ నొక్కి లాగితే వచ్చేస్తుంది. దాని మధ్యలోకి సరిగ్గా ఇమిడే హార్నెస్‌లు, అంటే ప్లగ్గులు బిగించి ఉన్న వైర్ల కట్టలు, బజారులో దొరుకుతాయి. ఒక కొమ్మ తిరిగి బంపర్ సాకెట్‌కే వెళ్తుంది, రెండో కొమ్మ 7 అడుగులో 10 అడుగులో పొడవుతో తొట్టి లోపలి కొత్త సాకెట్‌కు వెళ్తుంది. ఒక్క వైరు కూడా కోయనక్కర లేదు. మీ మోడలుకు, మీ సంవత్సరానికి సరిపోయేదే అడిగి తీసుకోండి. రెండు సాకెట్లూ పనిచేస్తాయి, కాని ఒకేసారి రెండింటికీ ట్రెయిలర్లు తగిలించకూడదు.

మీ మిత్రుడు చెప్పిన క్లిప్పులు వైరు తొడుగును ఒక రేకుతో కోసి లోపలి రాగిని తాకుతాయి. కోసిన చోట నీరు చేరుతుంది, చలికాలంలో ఉప్పు చేరుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ పచ్చటి పొడి. పైగా ఆ రేకు కొన్ని రాగి పోగులను తెంచేస్తుంది కూడా. పన్నెండు ఆంపియర్లు మోయవలసిన వైరులో అది నాకు అంగీకారం కాదు. ఎక్కడైనా జాయింటు తప్పనిసరి అయితే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ క్రింపు కనెక్టర్ వాడి, మంచి క్రింపింగు పటకారుతో నొక్కి, వేడి చేసి, రెండు వైపులా జిగురు ఉబికి వచ్చేదాకా చూడండి. తర్వాత చేత్తో గట్టిగా లాగి చూడండి. రావాలనుకుంటే అప్పుడే రానివ్వండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. రెండు బ్యాటరీలుంటే రెండింటివీ. సాకెట్‌కు చోటు డ్రైవరు వైపు తొట్టి గోడలో, చక్రం గూడుకు వెనక, తలుపుకు ముందు. రంధ్రం కోసే ముందు ఆ రేకు వెనక్కి లైటు వేసి చూడండి. అక్కడ డీజిల్ పోసే గొట్టం ఉండవచ్చు, వేరే వైర్ల కట్ట ఉండవచ్చు. హార్నెస్‌తో వచ్చిన అచ్చు కాగితం అతికించి, దాని ప్రకారమే కోయండి. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి రంగు పూయకపోతే రేకు అక్కడి నుంచే తుప్పు పడుతుంది. వైర్లను ఛాసిస్ దూలం వెంబడి, కంపెనీ వైర్లు వెళ్లే దారిలోనే తీసుకెళ్లండి. సైలెన్సర్ గొట్టానికి, తిరిగే షాఫ్టుకు, స్టెప్నీ గొలుసుకు దూరంగా కట్టండి. పదునైన అంచు తగిలిన చోటల్లా రబ్బరు గ్రోమెట్ వేయండి. సాకెట్ పిన్నులకు కొంచెం డైఎలెక్ట్రిక్ గ్రీజు రాస్తే తేమ చేరదు.

మీ పికప్‌లో ఆ హెచ్చరిక వస్తోందంటే బ్రేక్ కంట్రోలర్ కంపెనీ నుంచే ఉండి ఉండాలి. ఇది చదివే ఇతరుల బండ్లలో లేకపోతే డ్యాష్‌బోర్డు కింద విడిగా పెట్టుకోవాలి. దానికి నాలుగే వైర్లు. నల్లది బ్యాటరీ ప్లస్‌కు, మధ్యలో సర్క్యూట్ బ్రేకర్‌తో. ఒకటి రెండు ఇరుసులైతే 20 ఆంపియర్లు, మూడు ఇరుసులైతే 30. తెల్లది ఎర్త్‌కు. ఎర్రది బ్రేకు పెడల్ స్విచ్చుకు, నొక్కినప్పుడే కరెంటు వచ్చే వైపుకు. నీలంది వెనక సాకెట్‌కు. బండి వేగం తగ్గే తీరును గమనించి దానికి తగ్గట్టు కరెంటు పంపే రకం తీసుకోండి. కాలం లెక్కన పంపే చవక రకం నిలబడి ఉన్న పశువులకు మంచిది కాదు, ఉన్నట్టుండి పట్టి వాటిని మోకాళ్ల మీద పడేస్తుంది.

ఇంకొకటి, చాలామంది చూడకుండా వదిలేసేది. గూస్‌నెక్ మెడ మీద చిన్న డబ్బాలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ, దాని పక్కన సన్నటి ఉక్కు తాడు తగిలించిన స్విచ్చు ఉంటాయి. ట్రెయిలర్ ఊడిపోతే ఆ తాడు స్విచ్చులోని పిన్నును పీకుతుంది, బ్యాటరీ బ్రేకులను పట్టేస్తుంది. ఆ బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలని వాణిజ్య వాహనాలకు అమెరికా ఫెడరల్ నిబంధన ఉంది. సొంత బండికైనా అదే కొలత పెట్టుకోండి. పాత ట్రెయిలర్లలో ఆ బ్యాటరీ చచ్చి ఉండడం సర్వసాధారణం. దాన్ని బతికించేది పికప్ నుంచి వచ్చే నల్ల వైరే. అందుకే ఆ పిన్నులో 12 వోల్టులు వస్తున్నాయో లేదో మీటరుతో చూడాలి. కొన్ని బండ్లలో ఇంజను నడుస్తుంటేనే వస్తుంది, కాబట్టి రెండు విధాలా చూడండి.

దాన్ని పరీక్షించేటప్పుడు ముందు ఏడు పిన్నుల ప్లగ్గును పికప్ నుంచి తీసేయండి. లేకపోతే ఆ కరెంటు వెనక్కి వెళ్లి కంట్రోలర్‌ను పాడుచేయవచ్చు. తర్వాత పిన్ను పీకి, పికప్‌ను నెమ్మదిగా ముందుకు కదపండి. ట్రెయిలర్ చక్రాలు బిగదీసి ఆపాలి. ఆపకపోతే బ్యాటరీ మార్చండి. చూశాక వెంటనే పిన్ను తిరిగి పెట్టేయండి. ఆ తాడును బాల్‌కూ, రక్షణ గొలుసులకూ కట్టకండి. గొలుసుతోపాటు అదీ పోతే ఇక ఎందుకు? పికప్ తొట్టిలో వేరే కొక్కేనికి, మలుపుల్లో లాగబడనంత వదులుగా తగిలించండి.

అన్నీ బిగించాక మీటరుతో ట్రెయిలర్ ప్లగ్గులో నీలం పిన్నుకూ తెల్ల పిన్నుకూ మధ్య నిరోధం చూడండి. 0.8 ఓముకు దగ్గరగా వస్తే నాలుగు అయస్కాంతాలూ ఉన్నట్టు. 1.6 వస్తే రెండు పనిచేయడం లేదు. ఏమీ రాకపోతే దారి ఎక్కడో తెగింది. ఇంత చిన్న విలువను చూసేటప్పుడు ముందు మీటరు వైర్ల మొనలు రెండింటినీ కలిపి, అప్పుడు చూపించేదాన్ని తీసివేసుకోండి.

తర్వాత ఖాళీ ట్రెయిలర్‌తో, పొడి రోడ్డు మీద, వెనక ఎవరూ లేని చోట. గంటకు 25 మైళ్ల వేగంలో పెడల్ తాకకుండా కంట్రోలర్ చేతి మీట మాత్రమే నొక్కండి. చక్రాలు జారేదాకా గెయిన్ (కంట్రోలర్ పంపే కరెంటు బలం) పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించండి. బ్రేకులు కొద్దిగా వేడెక్కాక ఇంకోసారి చూడండి. ఖాళీకి పెట్టిన గెయిన్ పెయ్యలు ఎక్కాక చాలదు, పెంచుకోవాలి. దింపాక తగ్గించుకోవాలి. రెండు అంకెలూ ఒక చీటీ మీద రాసి అద్దం దగ్గర పెట్టుకోండి.

మీవి బ్రాహ్మన్ పెయ్యలని చదివి సంతోషం కలిగింది. అమెరికాలో ఆ జాతిని గిర్, గుజెరాత్ (కాంక్రేజ్), కృష్ణాలోయ పశువులతోపాటు అక్కడ నెల్లూరు అని పిలిచే మన ఒంగోలు రక్తం కలిపి తయారుచేశారు. ఆ మూపురాలు ట్రెయిలర్ కమ్మీల్లోంచి కనిపిస్తుంటే వాటిని జాగ్రత్తగా తీసుకెళ్లాలనిపిస్తుంది కదా.

ముందుగా ఆ తెల్ల వైరు స్క్రూ విప్పి చూడండి. రాగి ఏ రంగులో ఉందో, మీటరు ఎన్ని ఓములు చూపించిందో రాసి పంపండి. హార్నెస్ ఆర్డరు చేసే ముందు ఆ రెండూ తెలిస్తే, ట్రెయిలర్ వైపు కూడా కొత్త వైరు లాగాలా వద్దా అన్నది తేల్చి చెబుతాను.